మనుష్యుని బొగ్గుతో గీయుట

మన పాఠశాలలలో చిత్రలేఖనమనగా నేటికిని పూలకుండ, మామిడిపండు, పుస్తకములోని బొమ్మకు నకలు. మార్కులు లేని యీ పనికి కాలమేల వ్యయపరచవలెనని కొందఱు తలిదండ్రులు మమ్మడుగుచుందురు. చిత్రలేఖనము నుంచుటయే గాక, అందు మనుష్యరూపమును గీయుట నేర్పవలయునని మా యభిప్రాయము. ఇందుకు ఫ్రెంచి చిత్రమొకటి మాకు సాక్ష్యము.

ఓడిలాన్ రెడాన్ 1840లో బోర్డో నగరమున జన్మించి 1916లో కీర్తిశేషుడయ్యెను. కంటికి గనబడు వస్తువుతో తృప్తి నొందక, మనసులోని భయమును, స్వప్నమును, భక్తిని గుర్తుల మూలమున దెలుపగోరిన ప్రతీకవాదులలో నతడొకడు. రంగులను విరివిగా చేపట్టుటకు పూర్వము పెక్కేండ్లు బొగ్గును, శిలాముద్రణమును నమ్ముకొని పనిచేసెను. 1886లో నతడు బొగ్గుతో గీసిన మనుష్యచిత్రమునకు ‘ముద్దాయి’ యని పేరు. అది న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియమునకు జేరినది.

ఆ పేరు వినగనే, వీడు చేసిన నేరమేమని యడుగుదుము. చిత్రము బదులు చెప్పదు. తీర్పు నొసగుటకు ముందు మనుష్యుని జూడుమని మాత్రము మన యెదుట నిలుచును.

బొగ్గు గుణమును ఇట్టిదే. అది కాగితమున కంత గట్టిగా నంటదు. వ్రేలితో రుద్దిన నీడయగును. గుడ్డతో దులిపిన వెలుగు మరల వచ్చును. కావున ముఖమును గీయు బాలుడు ఒక్క గీతతో తేల్చివేయనక్కఱలేదు; చూచుచు, చెఱిపివేయుచు, దిద్దుచు సాగవచ్చును. తోటివానిని మొద్దనియు, దొంగయనియు క్షణములో పేరుపెట్టు వయసున ఇంతకన్న మేలైన శిక్షణ యేమున్నది? పేర్లు పెట్టుటలో ఉపాధ్యాయులమైన మేమును వెనుకబడినవారము కాము.

ఇది పరదేశపు విద్య యందురా? రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు, అచటి కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, మనుష్యరూపమును గీయుటయందు గొప్ప నేర్పు సంపాదించెను. 28 ఏండ్లు నిండకమునుపే 1925లో మశూచికము వలన మరణించినను, అతని చిత్రములు ఆ నగరములోని చిత్రశాలలో నిలిచియున్నవి.

మార్కుల మాట యందురా? మన పిల్లలు రేపు వైద్యులైనను, న్యాయవాదులైనను, నర్సులైనను వారి యెదుట నుండునది మనుష్యుడే. వ్యయమా, స్వల్పము. సన్నని పుల్లలను గాలి చొరని డబ్బాలో నుంచి, పెద్దల సమక్షమున కాల్చిన బొగ్గు సిద్ధమగును.

దేవుడు తన పోలికయందు నరుని సృజించెనని ప్రార్థనవేళ బోధించు మనము, ఆ పోలికను నిదానముగా జూచుటకు వారమునకొక గంట యియ్యలేమా? దెందులూరు పొలములలో వంగి నాటువేయు స్త్రీని, కొల్లేటిలో వల విసరు జాలరిని, వెనుకబల్లపై మౌనముగా గూర్చుండు సహపాఠిని పిల్లలు వారి యనుమతితో గీయుదురు గాక. వచ్చు సంవత్సరపు సంచికలో అట్టి చిత్రములు కొన్నియైన ప్రకటింపబడవలయునని కోరుచున్నాము.