పాత స్పీకర్లు, పాత చెవులు

మా కారు అమ్మి ఆరేళ్లయింది. ఖాళీగా మిగిలిన కారు షెడ్డులో ఇప్పుడు డెబ్బైల నాటి స్టీరియో స్పీకర్ల జత, ఒక యాంప్లిఫయర్, ఒక రికార్డ్ ప్లేయర్, ఒక పడక కుర్చీ ఉన్నాయి. సాయంత్రం ఒక గంట అక్కడ కూర్చుని పాత పాటలు వినడం నా దినచర్యలో భాగం. ఫోను లోపలి గదిలోనే ఉంటుంది.

ఆ మధ్య ఒక రికార్డు వింటుంటే వెలితి తోచింది. గాత్రం ఉంది, మృదంగం ఉంది, వెనుక వినిపించవలసిన తాళాల సవ్వడి మాత్రం లేదు. సన్నని ధ్వనులను పలికించే ట్వీటర్లు చెడిపోయాయని నిర్ణయించుకుని, తెలిసిన మెకానిక్‌ను పిలిపించాను. అతడు రెండు పెట్టెలూ విప్పి పరీక్షించి, "ట్వీటర్లు బాగానే ఉన్నాయి, డాక్టరుగారూ" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. అతడు తన వెంట వచ్చిన కుర్రవాణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టి అదే పాట పెట్టాడు. "తాళాలు చక్కగా వినబడుతున్నాయి సార్" అన్నాడు ఆ అబ్బాయి.

చెడినవి ట్వీటర్లు కావు, నా చెవులు. వారం తిరగకముందే చేయించుకున్న వినికిడి పరీక్ష ఆ సంగతిని గీత గీసి చూపింది. మూడు వేల హెర్ట్జ్ దాటాక రెండు చెవుల గీతలూ కిందికి జారిపోయాయి. "శబ్దం తగ్గించండి" అని మా శ్రీమతి రెండేళ్లుగా చెబుతూనే ఉంది. ఆమెకు సంగీతాభిరుచి తగ్గిందనుకున్నాను గాని, నా చెయ్యి వాల్యూమ్ మీటను రోజురోజుకూ కొంచెంగా పైకి తిప్పుతోందని గుర్తించలేదు. నలభై ఏళ్లు వైద్యం చేసినవాడి పరిస్థితి ఇది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుందాం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు అవయవం ఉంటుంది. అందులో సుమారు పదిహేను వేల రోమ కణాలు ధ్వనిని నాడీ సంకేతాలుగా మారుస్తాయి. సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను పట్టే కణాలు ఆ గుల్ల ముఖద్వారం దగ్గర ఉంటాయి. వయసు, పెద్ద శబ్దాలు సాధారణంగా ముందు దెబ్బతీసేది వాటినే. మాటలో అచ్చులు బలమైన తక్కువ స్థాయి ధ్వనులు. స, ష, త వంటి హల్లులకు స్పష్టతనిచ్చేది హెచ్చు స్థాయి ధ్వని. అందుకే పెద్దవారు "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. అది పరధ్యానమూ కాదు, మొండితనమూ కాదు. అరవై దాటినవారిలో పాతిక శాతానికి పైగా ఇబ్బంది కలిగించే స్థాయి వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పాత స్పీకరులో శంకువు చుట్టూ ఉండే ఫోమ్ అంచు పదిహేను, ఇరవై ఏళ్లకు పొడి పొడిగా రాలిపోతుంది. మెకానిక్ కొత్తది అతికిస్తాడు, స్పీకరు మళ్లీ పలుకుతుంది. చెవికి ఆ సదుపాయం లేదు. పక్షులలో నశించిన రోమ కణాలు తిరిగి మొలుస్తాయి. మనుషులలో మొలవవు.

మరి పాత స్పీకర్ల సరదా మానుకోవాలా? అక్కరలేదని నా అభిప్రాయం. పైగా, చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ల కంటే ఎదురుగా పెట్టుకున్న స్పీకర్లే మేలంటాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడు బస్సు రొదను జయించడానికి శబ్దం పెంచుతాడు, ఎంత పెంచాడో పక్కవారికి తెలియదు. స్పీకరు శబ్దం ఇంటిల్లిపాదికీ వినబడుతుంది. హెచ్చితే తగ్గించమనే వారుంటారు. ఆ మాట వినే బుద్ధి మాత్రం మనకుండాలి.

అయితే ఏ స్పీకరైనా హద్దు మీరితే హానికరమే. పెద్దవారికి వారానికి 80 డెసిబెళ్ల వద్ద 40 గంటల వరకు వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 90 డెసిబెళ్ల వద్ద ఆ వ్యవధి వారానికి 4 గంటలకు, 100 డెసిబెళ్ల వద్ద సుమారు 20 నిమిషాలకు పడిపోతుంది. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది గనుక ఈ లెక్క ఇంత వేగంగా మారుతుంది.

కారు షెడ్డుకు దాని దోషాలు దానికున్నాయి. సిమెంటు గోడలు, గచ్చు నేల, రేకు తలుపు ధ్వనిని వెనక్కి కొడతాయి. ప్రతిధ్వనులు కలగలిసి పాట మసకబారితే స్పష్టత కోసం మనం శబ్దం పెంచుతాం. పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది. నేల మీద జంపఖానా, గోడకు మందపాటి దుప్పటి, మూలన పుస్తకాల బీరువా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. శబ్దం తగ్గించినప్పుడు మన చెవికి మంద్ర ధ్వనులు మరీ తక్కువగా వినబడతాయి. ఆ లోటు తీర్చడానికే పాత యాంప్లిఫయర్లలో 'లౌడ్‌నెస్' అనే మీట పెట్టేవారు. పేరు చూసి భయపడనక్కరలేదు, తక్కువ శబ్దంలో వినేవారికోసం ఏర్పరచినదే అది. షెడ్డులో ఇంకా బండి ఉంచేవారు తలుపు మూసి ఇంజను ఎంతమాత్రం నడపకూడదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. పాత యాంప్లిఫయర్ పెట్టెను స్వయంగా విప్పకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఇక్కడ ఒక మహనీయుణ్ణి తలచుకోవాలి. అమెరికాకు చెందిన ఎడ్గార్ విల్చర్ 1954లో మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకుని, చిన్న పెట్టెతో గంభీరమైన మంద్ర ధ్వనిని పలికించే స్పీకరును తెచ్చాడు. ఇళ్లలోకి మంచి స్పీకర్లు రావడానికి అది పెద్ద మలుపు. 1967లో తన కంపెనీని అమ్మివేసి, ఆయన వినికిడి యంత్రాలపై పరిశోధనకు పూనుకున్నాడు. అప్పటి యంత్రాలు అన్ని ధ్వనులనూ ఒకే తీరున పెంచేవి. సన్నని ధ్వని చాలక, పెద్ద ధ్వని భరించలేక జనం వాటిని సొరుగులో పడేసేవారు. ధ్వనిని స్థాయిల వారీగా విడదీసి, మెల్లని వాటిని ఎక్కువగా, బిగ్గరైన వాటిని తక్కువగా పెంచే పద్ధతిని విల్చర్ 1973లో ప్రచురించాడు. దానిపై పేటెంటు కోరకుండా అందరికీ విడిచిపెట్టాడు. నేటి వినికిడి యంత్రాలకు ఆ పద్ధతే ఆధారం.

కళ్లజోడు పెట్టుకోవడానికి మనం సిగ్గుపడం. వినికిడి యంత్రానికి మాత్రం ముఖం చాటేస్తాం. ఈ సిగ్గు ఖరీదైనది. వినబడనివాడు సంభాషణలకు దూరమవుతాడు, క్రమంగా ఒంటరివాడవుతాడు. మతిమరుపు వ్యాధికి సంబంధించి, సరిదిద్దుకోదగిన ముఖ్య కారకాలలో వినికిడి లోపాన్ని లాన్సెట్ కమిషన్ 2024 నివేదికలోనూ చేర్చింది. యంత్రం పెట్టుకుంటే ఆ వ్యాధి రాదని దీని అర్థం కాదు గాని, ఉపేక్షించరాదని మాత్రం అర్థం.

అరవై దాటినవారంతా ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. కొన్నిసార్లు పేరుకున్న గులిమి తీస్తేనే సమస్య తీరవచ్చు. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే మాత్రం రోజులు గడపకుండా వెంటనే చెవి వైద్యుని వద్దకు వెళ్లండి. అది అత్యవసర స్థితి. యంత్రం తీసుకునేటప్పుడు, మీకు సంగీతం వినే అలవాటుంటే ఆ సంగతి చెప్పి వేరే అమరిక చేయించుకోండి. మాటకు సరిపోయే అమరిక పాటకు సరిపడదు.

నేనూ యంత్రం పెట్టుకున్నాను. తాళాల సవ్వడి తిరిగి వచ్చింది, యౌవనంలో విన్నంత తేటగా కాకపోయినా వచ్చింది. వాల్యూమ్ మీట కిందికి దిగింది. షెడ్డులో ఇప్పుడు రెండో కుర్చీ కూడా వేశాం. సాయంత్రం మా శ్రీమతి కూడా వచ్చి కూర్చుంటోంది.