పిల్లల రాతకు ఒక గోడ ఇద్దాం

ఇంట్లో చంటిపిల్లలున్నారో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. గోడల వంక చూస్తే చాలు. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా బొగ్గు గీతలు, పెన్సిలు గీతలు, వంకర టింకర సున్నాలు కనిపిస్తాయి. రంజాన్ దగ్గరపడగానే ఉన్నంతలో ఇంటికి సున్నమో, డిస్టెంపరో వేయిస్తాం. పండుగ వెళ్లి పది రోజులు తిరక్కుండానే గీతలు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. తల్లి విసుక్కుంటుంది, తండ్రి చెయ్యి ఎత్తుతాడు, నానమ్మ అడ్డం పడుతుంది. ఇది ఇంటింటి కథే.

దీనికి ఇప్పుడు బజారులో ఒక ఉపాయం దొరుకుతున్నది. డ్రై ఎరేజ్ పెయింట్ అంటారు. వైట్‌బోర్డ్ పెయింట్ అని కూడా పిలుస్తారు. పూసిన మేర గోడ తెల్లబోర్డుగా మారిపోతుంది. మార్కర్ పెన్నుతో రాయవచ్చు, పొడిగుడ్డతో తుడిచేయవచ్చు. నగరాల్లో ఆఫీసులకు పరిచయమైన ఈ రంగు ఇప్పుడు ఇళ్లలోకీ వస్తున్నది. వైరా లాంటి ఊళ్లో దీని అవసరం ఏముంది, ఇది డబ్బున్నవారి ముచ్చట కాదా అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబైనదే. మా అభిప్రాయం ఇది: పెయింటు కొనడం, కొనకపోవడం రెండో మాట. ఇంట్లో ఒక గోడను పిల్లల రాతకు వదిలిపెట్టడం మొదటి మాట.

రాసి చెరపడం మనకు కొత్త కాదు

రాసి, చెరిపి, మళ్లీ రాసే చదువు మన పెద్దలకు బాగా తెలుసు. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరాలు మనవి. ఉత్తరాదిన, పాకిస్తాన్‌లో పిల్లలు చెక్క తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, రెల్లు కలంతో రాసేవారు. నిండగానే కడిగి మళ్లీ పూసేవారు. ఆఫ్రికాలోని ఖురాన్ బడుల్లో ఈ రోజుకీ చెక్క పలకలు కనిపిస్తాయి. మన పల్లె బడుల్లో సిమెంటు గోడకు నల్లరంగు వేస్తే అదే బోర్డు. దేశంలో ఎన్నో ప్రాథమిక పాఠశాలలకు ఆ మాత్రం బోర్డు కూడా లేదని గుర్తించి, కేంద్ర ప్రభుత్వం 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పేరిట ఒక పథకమే మొదలుపెట్టింది.

కరోనా కాలం ఇంటి గోడ విలువను మరోసారి చూపించింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. టీవీ, ఫోను లేని ఇంటి పిల్లలకు అవి అందలేదు. అటువంటి సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ వర్ధమాన్ జిల్లాలో దీప్ నారాయణ్ నాయక్ అనే ఉపాధ్యాయుడు ఒక గిరిజన పల్లెలో ఇళ్ల గోడలకు నల్లరంగు పూయించి, వీధినే బడిగా మార్చారు. పిల్లలతోపాటు చదువురాని తల్లులకూ అక్కడే అక్షరాలు నేర్పారు. 2023లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ తుది పదిమందిలో ఆయన పేరు నిలిచింది. గోడ ఎవరి ఇంట్లోనైనా ఉన్నదే. దాన్ని చదువుకు వాడాలన్న ఆలోచనే ఆయన తెచ్చింది.

నోటుబుక్కు చాలదా?

నోటుబుక్కులు ఉండగా గోడ ఎందుకని కొందరి ప్రశ్న. నోటుబుక్కులో తప్పు రాస్తే అది అక్కడే ఉండిపోతుంది. దాని మీద ఎర్రసిరా గీత పడుతుంది. దిద్దుబాట్లకు భయపడిన పిల్లవాడు రాయడమే తగ్గిస్తాడు. చెరిగిపోయే రాతకు ఆ భయం లేదు. గుణింతం తప్పిందా, ఎక్కం మరిచాడా, తుడిచి మళ్లీ రాస్తాడు. తప్పు చేయడం నేరం కాదని, దిద్దుకోకపోవడమే నష్టమని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే సులువైన దారి ఏముంది?

ఇంకో సంగతి. మన ఇళ్లు చిన్నవి. రెండు గదుల్లో అయిదారుగురం సర్దుకుంటాం. ఉన్న ఒక్క కుర్చీ, బల్ల సాధారణంగా పెద్దకొడుక్కి దక్కుతాయి. ఆడపిల్ల వంటగది గుమ్మం దగ్గర పుస్తకం ఒళ్లో పెట్టుకుంటుంది. గోడకు ఇటువంటి పక్షపాతం లేదు. అన్న పైన లెక్క చేస్తుంటే చెల్లి కింద ‘అ, ఆ’లు దిద్దుకోవచ్చు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు, మరో పక్క ఉర్దూ ‘అలిఫ్, బే’ రాసుకోవచ్చు. రొట్టెలు చేస్తూనే తల్లి ఓ కంట చూడవచ్చు. ఆమె అయిదో తరగతిలో చదువు మానేసి ఉంటే కూతురితోపాటు తానూ నాలుగు ముక్కలు నేర్చుకోవచ్చు.

ఇది చిన్న విషయం అనుకోకండి. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖమే చూడనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ 2006లో దేశం ముందు పెట్టింది. బడి మానడం ఒక్కరోజులో జరగదు. వెనకబడిపోయానన్న సిగ్గుతో మొదలవుతుంది. ఆ సిగ్గు పోగొట్టవలసిన చోటు ఇల్లే.

వేయించేవారు గమనించవలసినవి

డబ్బు పెట్టి ఈ పెయింటు వేయించదలచినవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. రంగు ఆరాక గోడ మీద గాజులాంటి నున్నటి పొర ఏర్పడుతుంది. మార్కరు సిరా ఆ పొరలోకి ఇంకదు, పైనే నిలుస్తుంది. అందుకే తుడిస్తే పోతుంది. గోడ గరుకుగా ఉంటే సిరా గుంటల్లో దాక్కుంటుంది. కాబట్టి ముందు లప్పం పెట్టి, సాపు చేసి, ప్రైమర్ వేయించాలి. సున్నం గోడ మీద నేరుగా పూస్తే పెచ్చులూడుతుంది. వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడకు అసలు వద్దు. వేసిన రంగు రెండో రోజే ఆరినట్టు కనిపించినా, డబ్బా మీద చెప్పినన్ని రోజులు ఆగాలి. చాలా రకాలకు వారం పడుతుంది. ఘాటు వాసన పోయేదాకా కిటికీలు తెరిచి, పసిపిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచాలి.

పాత ఇళ్లలో మరో జాగ్రత్త. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమలులోకి రాలేదు. అంతకుముందటి రంగును గీకితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు చేటు. పొడిగా గీకకుండా తడిపి గీకించాలి, పిల్లలను ఆ పూట బంధువుల ఇంటికి పంపాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని అనుమతి తీసుకోవాలి. ఈ పొర మీద మామూలు రంగు పట్టదు. తర్వాత మార్చాలంటే మళ్లీ రుద్ది ప్రైమర్ వేయవలసిందే.

అంత ఖర్చు పెట్టలేమంటారా? పెట్టవద్దు. అప్పు చేసి గోడకు రంగు వేయడం దుబారా. వంటింట్లో మిగిలిన నున్నటి తెల్ల టైల్స్ నాలుగు అతికించినా మార్కరు రాత చక్కగా చెరుగుతుంది. చిన్న డబ్బా నల్లబోర్డు రంగు, సుద్దముక్కలు అయినా చాలు.

ఒక మర్యాద మాత్రం మరవరాదు. పిల్లలు కంఠస్థం చేయడానికి ఖురాన్ వాక్యాలో, దుఆలో ఆ గోడ మీద రాస్తే, చెప్పులు విడిచే చోటికి, స్నానాల గదికి దూరంగా ఉండాలి. ఇల్లు తుడిచే గుడ్డతో వాటిని చెరపకూడదు. శుభ్రమైన వేరే గుడ్డ పెట్టుకోవాలి. సందేహం ఉంటే మసీదులో ఇమాం సాహెబును అడగండి.

ఒక గోడ ఇస్తే అన్ని గోడలూ పాడుచేస్తారన్న భయం అక్కరలేదు. ‘ఇక్కడ రాయి, అక్కడ రాయకు’ అన్న హద్దు పిల్లలకు త్వరగానే అర్థమవుతుంది. హద్దు చూపకుండా కొట్టడం వల్లనే దొంగచాటు గీతలు పెరుగుతాయి. ఎంత మంచి రంగు వేసినా, సాయంత్రం ఓ అరగంట ఆ గోడ ముందు కూర్చునే పెద్దవారు లేకపోతే అది వట్టి గోడే. ఈ శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మన ఇంట్లో ఏ గోడ ఇవ్వగలమో చూద్దాం. దాని మీద మొదటి మాట మన ఇంటి ఆడపిల్ల చేత రాయిద్దాం.