ఆకలికీ చక్కెర వ్యాధికీ సంబంధం

"ఇప్పుడే భోంచేశాను డాక్టరుగారూ, గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి" అని చక్కెర వ్యాధి ఉన్నవారు తరచు చెబుతుంటారు. వెంట వచ్చిన ఇంటివారు "నోరు కట్టుకోరండీ, అదే జబ్బు" అంటారు. ఈ ఆకలికి నోటి చాపల్యం ఒక్కటే కారణం కాదు.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఒంట్లో ఇంధనం ఎంత ఉందో లెక్క చూసేది ఇదే. దీనికి కబుర్లు చేరవేసేవి హార్మోనులు. పొట్ట ఖాళీ అయితే జీర్ణకోశం నుంచి గ్రెలిన్ బయలుదేరి "తినాలి" అంటుంది. దీన్ని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. "చాలు" అని చెప్పేవి ముఖ్యంగా మూడు: క్లోమం తయారుచేసే ఇన్సులిన్, పేగులలో ఊరే జి.ఎల్.పి.-1, కొవ్వు కణాలనుంచి వచ్చే లెప్టిన్. లెప్టిన్ సంగతి 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందం బయటపెట్టింది.

మరి లావుపాటివారిలో కొవ్వుతోపాటు లెప్టినూ ఎక్కువే కదా, ఆకలి ఎందుకు తగ్గదని మీరు అడగవచ్చు. రోజంతా మోగే రేడియోకు చెవి అలవాటు పడ్డట్టు, మెదడు దాని మాట సరిగా వినదు. తిండి, బరువు పెరుగుతాయి. బరువుతోపాటు ఇన్సులిన్ పట్టు సడలి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. చక్కెర బాగా పెరిగి మూత్రంలో పోతూ ఉంటే, తిన్నది ఒంటబట్టక ఆకలి ఇంకా ఎక్కువవుతుంది.

మీరు చేయవలసినవి:

1. అతి ఆకలితోపాటు దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనబడితే ఆలస్యం చేయక రక్త పరీక్ష చేయించుకోండి.

2. తగినంత నిద్రపోండి. నిద్ర చాలకపోతే గ్రెలిన్ పెరిగి, లెప్టిన్ తగ్గినట్లు పరీక్షలలో కనబడింది.

3. నిదానంగా తినండి. "చాలు" అన్న కబురు మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ముందు కూర, పప్పు కొంత తిని, తరువాత అన్నం కలుపుకుంటే చక్కెర ఒక్కసారిగా పెరగదు.

4. ఇన్సులిన్ గాని, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గాని వాడుతూ, ఏకాదశి అనో, శనివారం అనో భోజనం మానకండి. ఉపవాసం ఉండదలిస్తే ముందే మీ డాక్టరుతో మాట్లాడండి. హఠాత్తుగా ఆకలి, చెమటలు, వణుకు, గుండెదడ వస్తే అది చక్కెర పడిపోయిన గుర్తు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ తాగండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

5. జి.ఎల్.పి.-1 పద్ధతిలో పనిచేసే సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. ఇవి ఆకలినీ, చక్కెరనూ తగ్గిస్తాయి. వాంతులు, వికారం కలగవచ్చు. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. గర్భిణులు వాడరాదు. పక్కింటివారు వాడుతున్నారని మీరూ మందుల షాపులో కొనుక్కోవద్దు.

ఇంటివారికి ఒక మాట. ఆకలి అన్నవారిని నలుగురిలో దెప్పకండి. మాటపడినవారు చాటుగా తింటారు, డాక్టరు దగ్గర కూడా ఆ సంగతి దాస్తారు. అప్పుడు మందు మోతాదు సరిగా నిర్ణయించడం కష్టం. ఆ వేళకు గుప్పెడు ఉడికించిన శనగలో, మజ్జిగో అందించి, మరుసటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆకలి ఏ వేళల్లో వేస్తున్నదో రాసి తీసుకురండి.