ఈ-రూపాయికి ఒక్క వాక్యం చట్టం చాలదు

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు క్రీక్ నల్లబడింది. వలలు, పడవలు పాడయ్యాయి, వేట ఆగింది. మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. అలాంటి డబ్బు చేతికొస్తే బియ్యం కొనాలో, అప్పు తీర్చాలో, వల బాగుచేయించాలో ఆ ఇంటి తల్లికే తెలుస్తుంది.

రేపు ఆ పరిహారం ఈ-రూపాయిలో వస్తే? దేనికి ఖర్చుపెట్టాలి, ఎప్పటిలోగా, ఏ ప్రాంతంలో అన్న షరతులతో ఈ డబ్బును పంపవచ్చని 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకే చెప్పింది. వల కోసం వచ్చిన డబ్బుతో బిడ్డకు మందు కొనలేని రోజు రావచ్చు.

యువతీ యువకులారా, దీన్ని యూపీఐ అనుకోకండి. యూపీఐలో కదిలేది మన బ్యాంకు ఖాతాలోని డబ్బు. ఈ-రూపాయి రిజర్వు బ్యాంకు నేరుగా జారీచేసే నోటు. మరి దాని చట్టం ఏది? 2022 ఫైనాన్స్ చట్టంతో 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, బ్యాంకు నోటు కాగితమైనా డిజిటలైనా కావచ్చన్నారు. దాంతోపాటే 22ఏ సెక్షన్ చేర్చి, 24, 25, 27, 28, 39 సెక్షన్లు డిజిటల్ నోటుకు వర్తించవన్నారు. చిరిగిన నోటుకు విలువ తిరిగిచ్చే నిబంధనలకు ఆధారం 28. నోటు ఇస్తే నాణేలు ఇవ్వాలనేది 39. వీటిలో కొన్ని కాగితానికే పనికొస్తాయి, నిజమే. కానీ వాటిని తీసేసిన చోట ఏ హక్కు పెట్టారు? ఫోను పోతే ఏమిటి? షరతులు పెట్టే అధికారానికి హద్దు ఏది? ఆ సవరణలో జవాబు లేదు.

26వ సెక్షన్ చెల్లుబాటునూ, కేంద్రం పూచీనీ ఇస్తుంది కదా అంటారు. 2016 నవంబరు 8న 500, 1000 నోట్లను రద్దుచేసిందీ ఆ సెక్షన్ కిందే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు 4-1తో దాన్ని సమర్థించింది. అది పార్లమెంటు ద్వారా జరగాల్సిందని జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే విభేదించారు. ఈ-రూపాయి విషయంలో ఆ మాటే మనకు దారి.

సాయం దారి తప్పకుండా షరతులు మంచివే అని మరికొందరి వాదన. సాయం నేరుగా మనిషికి చేరితే దారి తప్పినట్టు కాదు. కూలి ఇచ్చిన యజమాని కూలివాడి సంచి వెతికితే ఒప్పుకుంటామా?

ప్రత్యేక చట్టం కావాలి. పరిహారానికీ పింఛనుకూ షరతులుండకూడదు. అడిగితే నగదు ఇవ్వాలి. చిన్న కొనుగోళ్లపై నిఘా ఉండకూడదు. 22ఏ సెక్షన్ ఒక్క వాక్యమే. వచ్చే యూత్ మీటింగులో దాన్ని చదవండి, మీ ఎంపీకి ఉత్తరం రాయండి.