పీఠికలును పాఠకుడును

తెలుగున నేడు వెలువడుచున్న పుస్తకము నొకదానిని విప్పి చూడుడు. ముఖపత్రము తరువాత కృతజ్ఞతలు, వాని తరువాత ముందుమాట, దాని వెనుక మరియొక ముందుమాట, ఆపైని నాలుగైదు అభిప్రాయములు. ఆ పిమ్మట గాని గ్రంథము మొదలు కాదు. నూట యిరువది పుటల పద్యసంపుటమున ముప్పది పుటలు పరుల ప్రశంసలతోనే నిండియుండుట నేనెరుగుదును. ఆ ప్రశంసలలో గ్రంథకర్త పేరు తీసి వేరొకరి పేరు వ్రాసినను వాక్యమున కేలోపమును రాదు. లోతైన భావుకత, సామాజిక స్పృహ, అక్షరసేద్యము, తప్పక చదువవలసిన గ్రంథము అను మాటలు పెండ్లిపందిళ్లకు వచ్చు అద్దెకుర్చీల వంటివి. అవి ఏ యింటికైనను సరిపోవును. ఏ యింటివియు కావు.

ఇది పూర్వాచారమే గదా యని కొందరు సమర్థింతురు. మన కవులు కావ్యాదిని స్తుతులు చేయలేదా యని వారి ప్రశ్న. చేసిరి. కాని అవతారికలో ఇష్టదేవతాస్తుతియు సుకవిస్తుతియు నున్నట్లే కుకవినిందయు నుండెడిది. అది చాలచోట్ల మ్రొక్కుబడి నిందయే. పేరెత్తి దూషించినవారు అరుదు. అయినను చెడుకవిత్వ మనునది యొకటి లోకమున కలదను నంగీకారమైన నందుండెను. మనము స్తుతి నుంచుకొని నిందను ఊడ్చివేసితిమి. కృతిపతి స్తోత్రమందురా, అది వెలుగున జరిగిన బేరము. కవి పొగడెను, ప్రభువు ఇచ్చెను; చదువరి కందులో మోసము లేదు. నేటి యభిప్రాయ మట్టిది కాదు. ఇది చదువరికి చెప్పబడుచున్నట్లు వేషము వేసికొని, గ్రంథకర్తకు చేయబడుచున్న యుపకారము. ఉపకారము పొందినవాడు రేపు తానును పీఠిక వ్రాసి ఋణము తీర్చుకొనును. శుభకార్యములలో చదివింపుల పద్దు వ్రాసికొనువారికి ఈ లెక్క వేరుగ బోధింప నక్కరలేదు.

ఇందు నష్టపడువాడెవడు? పుస్తక ప్రదర్శనమున మూడువందల రూపాయలు చెల్లించి, అభిప్రాయములు నమ్మి, గ్రంథమును ఇంటికి కొనిపోవు చిన్న జీతగాడు. రాత్రి దీపముకడ కూర్చుండి పది పుటలు చదువును. ఇరువదవ పుటకడ ఆవులించును. తప్పు తనదేమో యనుకొని మరి పది పుటలు చదివి మూసిపెట్టును. రెండవమారు వాడు మోసపోడు. ఎందుచేతననగా రెండవమారు కొనడు. అయిదువందల ప్రతులు అచ్చు వేయించి, వానిలో సగము కట్టలుగా అటకమీద దాచుకొన్న గ్రంథకర్త, తెలుగున చదువరులు లేరని సభలలో వాపోవును. చదువరు లుండిరి. ఆ ముప్పది పుటలు వారిని వెళ్లగొట్టినవి.

ఇక చదువరుల వంతు. ఒకడు పుస్తకము చదివెను. మిత్రుడు, ఎట్లున్నదని యడిగెను. బాగున్నది యని యితడు. సంభాషణ ముగిసినది. మామిడిపండ్ల విషయమున మనమిట్లు మాటాడుదుమా? బంగినపల్లి కోసుకొని తినుటకు, పెద్దరసము పిండుకొని త్రాగుటకు. ఈ చెట్టుకాయ ఆవకాయకు నిలుచును, ఆ చెట్టుకాయ మెత్తబడిపోవును. ఇది పీచు, అది పులుపు అని అక్షరజ్ఞానము లేని యవ్వ కూడ విడమరచి చెప్పగలదు. ఏ పండు ఎవరికి, ఎందుకు, ఎంతవరకు అని చెప్పుటయే అభిప్రాయము. చదువుకొన్నవారమని పేరు పడిన మనము పుస్తకముల సంగతి వచ్చునప్పటికి ఆ యవ్వపాటి వివేకమును ఏల చూపలేకున్నాము?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యను సామెతను కొందరు ఇచ్చట అడ్డము పెట్టుదురు. రుచులు వేరువేరు గనుక చర్చ వ్యర్థమట! రుచులు వేరు గనుకనే ఎవని రుచి యేదో వాడు చెప్పవలెను. అందరి నాలుకలు నొకటే యైనచో ఒక్కడు తిని చెప్పిన చాలును గదా. ఈ సామెతను నోరు మూయించుటకు వాడుచున్నవారు ఆ నోటిలోని జిహ్వను మరచినారు.

నిర్మొగమాటమైన మాట సాహిత్యమును చంపునను భయము కలవారు వెనుకటి చరిత్రను చూడవలెను. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వవిచారము వెలువడినప్పుడు పండితులు మండిపడిరి, ఖండనములు వ్రాసిరి. ఆ గ్రంథమందలి తీర్పు లన్నియు నాకు సమ్మతములు కావు. ప్రబంధములయెడ రెడ్డిగారికి ఓపిక తక్కువ. కాని ఖండింపదలచినవాడైనను పింగళి సూరనను మరల విప్పవలెను గదా. పది ప్రశంసాపత్రములు చేయజాలని పని యది. దీనితో జంటకవుల వివాదములను కలుపరాదు. తిరుపతి వేంకటకవులకును కొప్పరపు కవులకును నడచిన పోరులో జనము పక్షములుగ చీలిరి; పక్షము పుట్టిన పిమ్మట గ్రంథము చదువవలసిన పని యుండదు. నేటికిని మనలో ననేకులకు అభిప్రాయమనగా ఏ పక్షమువాడవని యడుగుటయే.

పామరుల యభిప్రాయమునకు విలువ యేమి, పండితులు చెప్పవలెను గాని, యనువారు మరి కొందరు. మన యాలంకారికులు కావ్యమునకు సహృదయుని ప్రమాణముగ పెట్టిరి. వానికి బిరుదులుండవలెనని విధింపలేదు. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె చిలకమర్తివారి గణపతి చదివి యొక చీటీ వ్రాసినది. మొదట మిక్కిలి నవ్వినదట. గణపతి రూపమును చూచి, పేదరికమును చూచి నవ్వుచున్నానని తోచిన పిమ్మట నవ్వు ఆగిపోయినదట. అయినను కడవరకు చదివినదట. అదే పుస్తకమును గూర్చి ఉపాధ్యాయుల గదిలో విచారింపగా, గొప్ప హాస్యనవల యను రెండుమాటలు లభించినవి. ఆ రెండుమాటలు చదువకయే చెప్పవచ్చును. చీటీలోని మాటలు చదువనివారు వ్రాయలేరు. ఆ చీటీని నేను పుస్తకములోనే యుంచితిని. నెల తిరుగకమునుపు ఆ ప్రతి నలుగురు పిల్లల చేతులు మారినది. ఒక పిల్లవాడు దాని క్రిందనే, నవ్వుటకు వ్రాసిన పుస్తకమున ఏడుపు వెదకనేల యని వ్రాసినాడు. ఈ యిద్దరిలో నెవరిది సరి యని నేను తీర్పు చెప్పలేదు. చెప్పియుండినచో మూడవచీటీ వచ్చెడిది కాదు.

మన గ్రంథాలయోద్యమము సామాన్యమైనది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవలో పెట్టి కాలువగట్టు గ్రామములకు పంపిరి. పుస్తకమును చదువరి వాకిటికి తెచ్చుటకై వారు పడరాని పాట్లు పడిరి. చదివినవాని మాటను చదువబోవువాని చెంతకు చేర్చుపని మాత్రము మిగిలిపోయినది. నేడు గ్రంథాలయపు పుస్తకమునకు కడపట అంటించిన కాగితమును చూడుడు. తిరిగి యీయవలసిన తేదీలు వరుసగా ముద్రింపబడి యుండును. ఎందరు కొనిపోయిరో అది చెప్పును, వారేమనుకొనిరో చెప్పదు. చెప్పవలెనని యుబలాటపడినవారు పుటల యంచులయందు పెన్సిలుతో గీకుదురు. ఈ యంకము వదలివేయుడు, నాయకుడు వట్టి మూర్ఖుడు, చివర చచ్చిపోవును అనునవి నేను చూచినవి. కడపటిది వ్రాసినవానిని శిక్షింపవలసినదే. తక్కినవారు నేరస్థులు కారు. వ్రాయుటకు తావు లేక అంచులకెక్కిన విమర్శకులు.

కావున నా కోరిక యిది. ప్రతి గ్రంథాలయమునను ప్రతి పుస్తకమునకు, తేదీల కాగితము తరువాత నాలుగు తెల్లకాగితములు అంటింపుడు. చదివినవాడు తాను ఎంతవరకు చదివెనో, ఎచ్చట ఆగెనో, ఎవరికి ఇది పనికివచ్చునో వ్రాయవలెను. గ్రంథకర్తకు బంధువైనను శిష్యుడైనను ఆ మాటయు వ్రాయవలెను. పేరు వ్రాయుట వాని యిష్టము. బాగున్నది యను నొంటిమాట వ్రాసినచో గ్రంథాలయాధికారి దాని ప్రక్క ఎందుకని ప్రశ్నార్థకము పెట్టవచ్చును. బూతులు వ్రాయుదురేమో యని యధికారుల శంక. వ్రాసినచో కొట్టివేయుడు, ఇప్పుడు మరుగుదొడ్ల గోడలపై వ్రాయుచున్నవానికంటె హెచ్చు కానేరవు. వ్యయమందురా, నాలుగు కాగితములు, గరిటెడు మైదాజిగురు, బల్లకు దారముతో కట్టిన పెన్సిలు. ఇందులకు వేరుగ పద్దు కావలసినచో చిల్లరఖర్చుల క్రింద వ్రాసికొనుడు.