పట్టాల చప్పుడు

భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలుపట్టాల మిల్లు నుండి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉద్యోగి సతీసమేతంగా జర్మనీ యాత్రకు బయలుదేరగా, దుర్గ్ స్టేషనులో మిత్రులు పరిహాసమాడారు: "జర్మన్లు సాయపడింది రూర్కెలాకు. 1955లో మనకు ఒప్పందం కుదిరింది రష్యాతో. దారి తప్పుతున్నావు!"

కొలోన్‌లో స్టేషను దాటగానే ఆకాశాన్నంటే ప్రార్థనాలయం. 1248లో ఆరంభించి 1880లో ముగించారట. ఆమె శిఖరాలు చూసింది. ఆయన వచ్చిపోయే బండ్లను చూశాడు.

జర్మనీలో తొలి ఆవిరి రైలుబండి 1835 డిసెంబరు 7న నూరెంబర్గ్ నుండి ఫ్యూర్త్‌కు నడిచింది; దూరం ఆరు కిలోమీటర్లే. నూరెంబర్గ్ రైల్వే మ్యూజియంలో అందరూ ఆనాటి 'ఆడ్లర్' ఇంజను నమూనా చుట్టూ మూగితే ఆయన వంగి దాని క్రింది పట్టాను పరీక్షించాడు. వృత్తి మరి!

అక్కడి నుండి, నది నడుమ పురమందిరం కట్టుకున్న బాంబెర్గ్ నగరానికి వెళుతుండగా ఆమె అడిగింది: "ఏమండీ, ఈ బండికి టకటక చప్పుడేదీ?"

"పట్టాకూ పట్టాకూ మధ్య సందు మీద చక్రం పడితే ఆ చప్పుడు. సందు లేకుండా అతికితే ఉండదు. భిలాయిలో ఇప్పుడు 130 మీటర్ల పట్టాలు రెండింటిని అతికి, 260 మీటర్లు చేసి పంపుతున్నారు."

ఆమె కొంతసేపు కిటికీ బయటకు చూసింది.

"పిల్లలకు జ్వరాలు వచ్చిన రాత్రులు మీరు డ్యూటీలో ఉన్నది దీనికోసమా?"

ఆయన బదులు చెప్పలేదు. ఫ్లాస్కు తెరిచి కాఫీ మొదట ఆమెకు పోశాడు.