తమ్ముడు తెలుపు, మీరు చామనచాయ!
అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కి చదువుతున్నారా? ఈ బిట్ మీకే. ఒకే అమ్మానాన్నల పిల్లలైనా తమ్ముడు తెల్లగా, మీరు చామనచాయగా ఎందుకు? జవాబు చిక్కడపల్లికి దగ్గర్లోనే, హబ్సిగూడ సీసీఎంబీలో దొరుకుతుంది. అక్కడి శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి దక్షిణ భారతంలో 1,228 మంది చర్మపు రంగును పరిశీలించారు. 2013లో ఫలితాలొచ్చాయి: వాళ్ల రంగులో తేడాలకు దాదాపు 27 శాతం కారణం ఎస్ఎల్‌సీ24ఏ5 అనే ఒక్క జన్యువే! అందులో ఒక్క అక్షరం మారితే మెలనిన్ తగ్గుతుంది. యూరప్ వాళ్లలో ఉన్నదీ ఇదే మార్పు, మూలమూ ఒక్కటే. అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒకటి వస్తాయి. ఎవరికి ఏది అన్నది లాటరీ. మిగతాది వేరే జన్యువులు, ఎండ. నారాయణగూడలో కొన్న ఏ క్రీమూ ఆ అక్షరాన్ని దిద్దలేదు. డాక్టర్ చెప్పకుండా పూసే స్టెరాయిడ్ క్రీములైతే చర్మాన్ని పల్చబరుస్తాయి, మొటిమలూ తెస్తాయి. పెళ్లిచూపులకు ముందు అవే రాసుకోమనే పిన్నికి ఇది ఫార్వర్డ్ చేయండి.